నక్కకు ఎంతమంది అమ్మమ్మలు?

చిలకవాగు అడవిలో దుప్పులు, అడవిపందులు, కొంగలు ఉండేవి. అడవి నడుమ వాగు పారేది. వెన్నెల పడితే ఆ నీళ్ళు గజ్జెలు కట్టుకున్నట్టు గలగలమంటూ పోయేవి. ఎగువన పందులు బురదలో పొర్లేవి. మధ్యలో కొంగలు చేపలు పట్టేవి. దిగువన దుప్పులు నీళ్ళు తాగేవి.

ఆ వాగుకు ఒక పెద్ద ఉండటం అక్కడి ఆచారం. ఎండాకాలంలో ఎవరికెన్ని నీళ్ళో ఆ పెద్దే చెప్పాలి. జంతువులన్నీ తలా ఒక గులకరాయి నోట కరుచుకొచ్చి, నచ్చినవాళ్ళ ముందు వేస్తాయి. ఎవరి కుప్ప పెద్దదైతే వాళ్ళే వాగు పెద్ద.

వాగు పెద్దగా ఉన్న ముసలి ఏనుగు చనిపోయింది. ఆ పదవి మీద ఒక నక్కకు కన్నుపడింది.

నక్క ముందుగా ఎగువకు పోయింది. పందుల ఎదుట బురదలో రెండు పొర్లు పొర్లింది.

"మామలూ! మా అమ్మమ్మ పుట్టింది మీ బురదలోనే. వాగుకు అడ్డంగా కట్ట వేసుకోండి. ఎవడొచ్చి అడుగుతాడో నేను చూస్తా!" అంది. పందులు మురిసిపోయాయి.

తర్వాత కొంగల దగ్గరికి పోయింది. అక్కడ ఒంటికాలి మీద నిలబడి మరీ మాట్లాడింది. "పిన్నీ! మా అమ్మమ్మది ఈ గట్టే. చేపలన్నీ మీ ముక్కు కిందికే తెప్పిస్తా!" అంది.

ఒళ్ళు కడుక్కుని దిగువకు దిగింది. దుప్పుల ముందు ఇంత గడ్డి కొరికి, మింగలేక మింగింది.

"అక్కలూ! మా అమ్మమ్మ పెరిగింది ఈ పచ్చికలోనే. నేనుండగా మీ నీళ్ళకు అడ్డం పడేదెవరు?" అని కన్నీళ్ళు కూడా పెట్టుకుంది.

ఎంత తెగింపు చూడండి! చుక్కమ్మ అనే దుప్పి ఆ కన్నీళ్ళకు కరిగిపోయింది. ఆమెకు అప్పుడే పుట్టిన పిల్ల ఉంది మరి.

ఎండలు ముదిరాయి. పందులు కట్ట వేశాయి. దిగువకు చుక్క నీరు రాలేదు. చుక్కమ్మ పిల్ల వాగులోని రాళ్ళను నాకింది. "అమ్మా, వాగు ఏదే?" అంది. ఆ లేత నాలుక మీద తడి లేదు. ఆ మాట వింటే రాయి కూడా ఏడుస్తుంది.

చుక్కమ్మ పిల్లను తీసుకుని ఎగువకు పరుగెత్తింది. "ఎవరినడిగి కట్టారు ఇది?" అని అరిచింది.

పందుల పెద్ద బురదయ్య ముట్టె ఎత్తాడు. "మా నక్క అల్లుడే కట్టుకోమన్నాడు. వాళ్ళ అమ్మమ్మది ఇక్కడే!"

"మా పచ్చిక అన్నాడే!"

"మా గట్టు అన్నాడు!" అంది పక్కనున్న కొంగ.

బురదయ్య ఎత్తిన ముట్టె దించి, నాలుక ఎండిపోయిన ఆ పిల్ల వంక చూశాడు.

మర్నాడే రాళ్ళు వేసే రోజు వచ్చింది. చుక్కమ్మ ముందుకొచ్చింది. "తమ్ముడూ, వాగు నడుమ బండ ఎక్కు. మా అందరి ముందూ ఒక్కసారి చెప్పు. కట్ట ఉంటుందా, పోతుందా?"

నక్క ఇటు చూస్తే పందుల కోరలు. అటు చూస్తే దుప్పుల కొమ్ములు. "కట్ట... ఉన్నట్టే... లేనట్టు..." అని నీళ్ళు నమిలింది.

"దాహంతో ఆటలా? అసలు ఎంతమంది అమ్మమ్మలురా నీకు?" అని గుర్రుమన్నాడు బురదయ్య.

నక్క ముందు ఒక్క రాయి కూడా పడలేదు.

అప్పుడు చుక్కమ్మ అంది. "ఎగువకైనా దిగువకైనా నేను చెప్పేది ఒక్కటే. ఈ ఏడు నీళ్ళు అందరికీ తక్కువే. ముందు గొంతులు తడవాలి. మిగిలితేనే బురద, మిగిలితేనే చేపలు."

ఆ మాట బురదయ్యకు చేదుగానే ఉంది. అయినా తన గులకరాయి తెచ్చి ఆమె ముందే వేశాడు. మిగతా జంతువులూ అక్కడే వేశాయి. బురదయ్య వెళ్ళి తన ముట్టెతోనే కట్ట తెగ్గొట్టాడు. చుక్కమ్మ పిల్ల కడుపునిండా నీళ్ళు తాగింది.

వాగు పెద్ద అయిన చుక్కమ్మ నక్కను వరుసలో చివర నిలబెట్టింది. ఆ ఎండాకాలమంతా దానికి అడుగున మిగిలిన బురదనీళ్ళే దక్కాయి. ఎందుకు దక్కవు? అది వాళ్ళ అమ్మమ్మ బురదే కదా!

నీతి: చోటుకో మాట చెప్పేవాడు ఏ చోటివాడూ కాడు. చేదైనా సరే, అందరి ముందూ ఒకే మాట చెప్పేవాళ్ళనే నమ్మాలి.