వారానికి మూడు రోజులన్న దాలమ్మ

కథ చెప్పడంలో నన్ను మించినవాడు ఈ చుట్టుపక్కల మూడు ఊళ్ళలో లేడు. మొదటి ఊళ్ళో నేనెవరో ఎవరికీ తెలీదు. రెండో ఊళ్ళో తెలుసు, అందుకే నేను నోరు తెరవగానే లేచి బట్టలు దులుపుకుని వెళ్ళిపోతారు. మూడో ఊరు ఈ ముంతవలస. ఇక్కడ మాత్రం నేను కథ మొదలెడితే అందరూ చెవులు రిక్కిస్తారు. ఇంటి గంట ఎప్పుడు కొడతారా అని.

గంటకింకా టైముంది. వినండి.

అనగనగా, మీ తాత తాతకి ఇంకా పాలపళ్ళు కూడా రాని రోజుల్లో, ఈ ముంతవలసలో ఒక బడి ఉండేది. బడంటే తాటాకు పాక. పాకంటే మామూలు పాక కాదు, ఈ ఊళ్ళన్నీ ఏలే దివాణం వారి గుర్రాల పాక. గుర్రాలు వేరే ఊరు వెళ్ళాయి. వాటి చోట్లోకి పిల్లలొచ్చారు. వాసన మాత్రం ఎక్కడికీ వెళ్ళలేదు.

ఆ పాకలో ఒకటే తరగతి, చిన్నారి తరగతి. ఆ తరగతికో వారం ఉండేది. సోమవారం చెక్కపలకలు కడుక్కోవడం. మంగళవారం ఇసకలో అక్షరాలు దిద్దడం. బుధవారం చింతపిక్కలతో లెక్కలు. గురువారం సంత, బడికి ఈగ కూడా రాదు. శుక్రవారం పాటలు. శనివారం దొండాకు పసరు, బొగ్గు కలిపి పలకలకి నల్లగా రుద్దడం. పలకలకంటే మొహాలే ఎక్కువ నల్లబడేవి.

ఇంత మంచి వారంలో ఒకటే చెడ్డ సంగతి. దాని పేరు గోడకుర్చీ.

అక్కడి కొండలయ్య పంతులు గారు మంచివారే. కానీ తప్పు జవాబు వింటే ఆయనకి చెవిలో చీమ దూరినట్టుండేది. తప్పు చెప్పినవాడు గోడకి వీపు ఆనించి, కింద కుర్చీ లేకుండానే కుర్చీలో కూర్చున్నట్టు మోకాళ్ళు వంచి ఉండాలి. తొడలు వణుకుతాయి. నవ్వకండి, ఒకసారి చేసి చూడండి, అప్పుడు తెలుస్తుంది.

పిల్లలు తెలివైనవాళ్ళు. నోరు తెరిస్తేనే కదా తప్పొచ్చేది! ఒకడు నోరు మూశాడు. వాణ్ణి చూసి ఇంకొకడు మూశాడు. ఆ నెల తిరిగేసరికి పంతులు గారు ఏమడిగినా తరగతి తరగతంతా నోట్లో బలపం పెట్టుకున్నట్టు కూర్చునేది.

అందరిలోకీ గట్టిగా మూసుకున్నది పైడి అనే పిల్ల. పైడికి అమ్మా నాన్నా లేరు, మామ్మ ఉంది. బడికి రాకముందు ఆ పిల్ల బాతుల్ని మేపేది. మాట్లాడితే బాతులతోనే మాట్లాడేది. "నా మనవరాలికి మనుసుల మాట రావాల," అని మామ్మ దాన్ని బడిలో వేసింది. వేసి, తను అదే బడిలో ఊడ్చే పనికి చేరింది. ఊడవడం, కడవతో నీళ్ళు తేవడం, శనివారం దొండాకు కోసుకురావడం. ఆ మామ్మే మన దాలమ్మ.

ఒక సోమవారం పొద్దున్న దివాణం నుంచి బంట్రోతు వచ్చాడు. "శనివారం దివాన్జీ గారు వేంచేస్తారు. పిల్లల్ని మూడు ప్రశ్నలడుగుతారు. జవాబులు చెప్తే పాక మీది. చెప్పకపోతే గుర్రాలది," అని చెప్పి, ముంతడు మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు.

పంతులు గారు వెంటనే తరగతి వైపు తిరిగి అడిగారు.

"ఒరేయ్ నాయన్లారా, ఆవుకి కాళ్ళెన్నిరా?"

తరగతంతా నోట్లో బలపం పెట్టుకున్నట్టు కూర్చుంది.

గుమ్మం దగ్గర ఊడుస్తున్న దాలమ్మకి ఇది నచ్చలేదు. పెద్దమనిషి అంత ఇదిగా అడుగుతుంటే ఒక్కరూ పలక్కపోతే మర్యాదేనా?

"నిలబడితే నాలుగు బాబూ," అంది. "తొంగున్నప్పుడు నాను సూసినాను, ఒక్కటీ కనబడదు."

ఎవరో కిసుక్కుమన్నారు. పంతులు గారి చెవిలో చీమ దూరింది. "తప్పు!" అని అరిచేశారు. అరిచాక, అరిచింది ఎవరి మీదో చూసుకుని నాలిక్కరుచుకున్నారు.

"తప్పయితే తప్పే బాబూ," అంది దాలమ్మ. చీపురు గోడకానించింది. చీర కుచ్చెళ్ళు దోపింది. గోడకుర్చీ వేసింది. వెయ్యగానే చతికిలబడింది. పలకల వెనక తలలు దాచుకుని పిల్లలు ఒకటే నవ్వు. నవ్వారు గానీ, మాట మాత్రం రాలేదు.

బుధవారం పంతులు గారు చింతపిక్కలు పక్కన పెట్టి అడిగారు.

"సూర్యుడు ఎటు పొడుస్తాడు?"

తరగతంతా నోట్లో బలపం పెట్టుకున్నట్టు కూర్చుంది.

కడవ దించుతూ దాలమ్మ అంది: "ఇంకెటు బాబూ, మా ఇంటెనకనించి. మా దొడ్లోనే పొడుస్తాడు, మునగసెట్టు పక్కన."

ఈసారి నవ్వు దాగలేదు. ఎర్రన్న కొడుకు అసిరిగాడు నవ్వి నవ్వి బోర్లా పడ్డాడు. దాలమ్మ కడవ గోడకానించింది. కుచ్చెళ్ళు దోపింది. గోడకుర్చీ వేసింది. పైడి మామ్మనే చూసింది. మామ్మ మోకాళ్ళు వణకడం చూసింది. పైడి పెదాలు కదిలాయి. కదిలి, ఆగిపోయాయి.

సాయంత్రం పంతులు గారు దాలమ్మని పక్కకి పిలిచారు.

"దాలమ్మా, నీకు దండం పెడతాను. శనివారం మాత్రం నువ్వు నోరు మెదపకు."

"బడి పోతే నా పైడి మళ్ళీ బాతులెనకాలే కద బాబూ," అంది దాలమ్మ. "మెదపను. ఒట్టు."

గురువారం సంత. బడికి ఈగ కూడా రాలేదు. శుక్రవారం పాటలు. పంతులు గారొక్కరే పాడుకున్నారు.

శనివారం వచ్చింది.

దివాన్జీ గారు వచ్చారు. ఆయన వెనక గుర్రం వచ్చింది. గుర్రం వెనక గడ్డిబండి వచ్చింది. అవును మరి, ఆయన ముందుచూపు గల మనిషి, గడ్డి వెంటపెట్టుకునే వచ్చారు. గుర్రం పాత ఇల్లు గుర్తుపట్టి కిటికీలోంచి తల లోపల పెట్టింది. దాలమ్మ కోసుకొచ్చిన దొండాకు మోపు అక్కడే ఉంది. తీరిగ్గా నమలడం మొదలెట్టింది.

దాలమ్మ చీపురు పట్టుకుని ఒక మూల నిలబడింది. నోటికి అడ్డంగా కొంగు కట్టుకుంది. ఒట్టంటే ఒట్టే మరి.

దివాన్జీ గారు మీసం దువ్వి మొదటి ప్రశ్న అడిగారు. "ఆవుకి కాళ్ళెన్ని?"

తరగతంతా నోట్లో బలపం పెట్టుకున్నట్టు కూర్చుంది. మూలన కొంగు కొంచెం కదిలింది.

దివాన్జీ గారు రెండో ప్రశ్న అడిగారు. "సూర్యుడు ఎటు పొడుస్తాడు?"

తరగతంతా నోట్లో బలపం పెట్టుకున్నట్టు కూర్చుంది. మూలన కొంగు బుస్సుమని పొంగింది.

"పంతులు గారూ, వీళ్ళకి చెవులు వినిపిస్తాయా?" అన్నారు దివాన్జీ. "సరే, ఆఖరిది. ఇది పసిపాపకి కూడా తెలుస్తుంది. వారానికి రోజులెన్ని?"

చప్పుడు లేదు. గుర్రం నమిలే చప్పుడు తప్ప.

దివాన్జీ గారు లేచారు. "గడ్డి దింపండ్రా," అన్నారు.

ఇంక దాలమ్మ వల్ల కాలేదు. కొంగు పీకేసింది.

"మూడు బాబూ!"

"ఏమిటీ?"

"వారానికి మూడు రోజులు. సంత ముందర, సంత, సంత ఎనక. మా అమ్మా ఇలాగే లెక్కెట్టింది, మా అమ్మమ్మా ఇలాగే లెక్కెట్టింది."

"ఎవరండీ ఈవిడ?"

పంతులు గారు ముందుకొచ్చారు. "మా... మా పెద్ద విద్యార్థిని."

"అలాగా. మీ బడిలో తప్పు చెప్తే ఏం చేస్తారు?"

పంతులు గారు నోరు తెరిచేలోపే జవాబు దాలమ్మే చెప్పింది.

"గోడకుర్చీ బాబూ."

చీపురు గోడకానించింది. కుచ్చెళ్ళు దోపింది. గోడకుర్చీ వేసింది. ఆ వారంలో అది మూడోసారి. ముసలి మోకాళ్ళు కటకటమన్నాయి.

అప్పుడు లేచింది పైడి. పలక కింద పడింది.

"తప్పు మామ్మా! లే మామ్మా! మూడు కాదే, ఏడు!"

బాతులు తప్ప ఎవరూ వినని గొంతు అది. ఎంత పెద్దదనుకున్నారు! కిటికీలో గుర్రం నమలడం ఆపేసింది.

"ఏడా? ఎలాగే అమ్మా?" అంది దాలమ్మ, గోడకి ఆనుకునే.

"సోమారం పలకలు కడుగుతాం!"

"మంగళారం ఇసక!" అన్నాడు అసిరిగాడు, వాడూ లేచి.

"బుధారం సింతపిక్కలు!"

"గురువారం సంత! బెల్లం జీళ్ళు!"

"సుక్రారం పాటలు!"

"శనారం పసరు! ఈయేళ! గుర్రం తినేసింది!"

"మరి ఆదారం?" అంది దాలమ్మ.

తరగతంతా ఒక్కసారి లేచింది. "ఆదారం పంతులు గారు అరుగు మీద గుర్రెట్టి తొంగుంటారు!"

దివాన్జీ గారు మీసం వెనక నవ్వు దాచుకుందామని చూశారు. మీసం చాలలేదు. పొట్ట పట్టుకుని నవ్వారు. పిల్లలు ఆగితేనా! ఆవుకి నాలుగు కాళ్ళన్నారు, తొంగున్నా నాలుగేనన్నారు. సూర్యుడు తూర్పున పొడుస్తాడన్నారు, దాలి మామ్మ దొడ్డి కూడా తూర్పునే ఉందన్నారు. అడగనివి కూడా చెప్పారు. నెలలు చెప్పారు, నక్కలు ఎలా కూస్తాయో చెప్పారు, బంట్రోతు మజ్జిగ తాగి ముంత పట్టుకుపోయాడని కూడా చెప్పారు.

ఇంతలో పంతులు గారు ఏం చేశారో తెలుసా? పంచె ఎగ్గట్టారు. దాలమ్మ పక్కకెళ్ళి, గోడకి వీపు ఆనించి, తనూ గోడకుర్చీ వేశారు.

"ఇదేమిటి పంతులు గారూ?" అన్నారు దివాన్జీ.

"ఇన్నాళ్ళూ వీళ్ళ నోళ్ళు కుట్టింది నేనేనండి. తప్పు నాది. రూలు రూలే."

"పాక మీది," అన్నారు దివాన్జీ గారు. గడ్డిబండి వెనక్కి తిరిగింది. గుర్రమే ఒక పట్టాన కదల్లేదు, దానికి దొండాకు రుచి తగిలింది.

ఆ రోజుతో పిల్లలకి గోడకుర్చీ పోయింది. దాలమ్మకి పోలేదు. ప్రతి సోమవారం పాక ఊడ్చి, ఒక తప్పు చెప్పి, గోడకి ఆనుకునేది. కోడికి పళ్ళున్నాయనేది. చేప చెట్టెక్కుతుందనేది. పిల్లలు "తప్పు మామ్మా! లే మామ్మా!" అని చేతులు పట్టుకుని లేపేవారు. ఆ తర్వాత వాళ్ళ నోటికి అడ్డుండేది కాదు. పైడి సంగతి చెప్పనే అక్కర్లేదు. పెద్దయ్యాక సంతలో బాతులమ్మేది, ఆ పిల్లతో బేరమాడి నెగ్గినవాడు లేడు.

దాలమ్మకి నిజంగా తెలీకే చెప్పేదా, తెలిసే చెప్పేదా? ఒకసారి పైడే అడిగింది.

"మామ్మా, నీకు ఏడని తెలుసు కదూ?"

"ఎప్పుడడుగుతున్నావే? సంత ముందరా, సంత ఎనకా?" అంది దాలమ్మ. నవ్వి, చీపురు తీసుకుని వెళ్ళిపోయింది.

దాలమ్మ పోయింది కూడా ఒక సంత వెనక రోజునే. నిద్దట్లో, నవ్వుతూనే పోయిందంటారు. ఆ మర్నాడూ, ఆ పైరోజూ బడి లేదు. సోమవారం పిల్లలొచ్చారు. గుమ్మం దగ్గర చీపురుంది, మనిషి లేదు. పలకలు కడుక్కున్నారు.  మళ్ళీ నోట్లో బలపాలు పెట్టుకున్నట్టు కూర్చున్నారు.

కొండలయ్య పంతులు గారు, అప్పటికి ఆయనా ముసలాయనే, గొంతు సవరించుకుని అన్నారు:

"వారానికి రోజులు... మూడు."

అని, వెళ్ళి గోడకి ఆనుకున్నారు.

అంతే! పాక కప్పు లేచిపోయేలా అరిచారు పిల్లలు.

"తప్పు మామ్మా! లే మామ్మా!"

అప్పట్నించీ ముంతవలసలో అదే పద్ధతి. పాక పోయి పెంకుటిల్లు వచ్చింది, పెంకుటిల్లు పోయి డాబా వచ్చింది. అయినా సోమవారం ఒకటో తరగతిలో మొదటి మాట తప్పు మాటే. టీచరు ఎవరైనా సరే తప్పు చెప్పాలి, గోడకుర్చీ వెయ్యాలి. ఎంత మీసాలున్న మేష్టారైనా పిల్లలకి ఆ కాసేపూ మామ్మే. ఊళ్ళో కూడా అంతే. ఎవరైనా ఏదైనా పొరపాటు చేసి మొహం చిన్నబుచ్చుకుంటే, పక్కవాళ్ళు "లే మామ్మా, లే," అంటారు. అంటే వాళ్ళు నవ్వాలి. నవ్వి లేవాలి.

కథ అయిపోయింది. గంట కూడా కొట్టేస్తున్నారు. కూర్చోండర్రా, ఇంకొక్క మాటుంది.

నేను ఈ ఊరి ఒకటో తరగతికి మేష్టారుగా వచ్చిన మొదటి రోజు సోమవారం. కొత్త మేష్టారు చేరిన రోజే తప్పు చెప్పాలని, హెడ్మాస్టరు గారు ముందే ఈ పద్ధతంతా చెప్పారు. నేను రాత్రంతా ఆలోచించి ఒక బ్రహ్మాండమైన తప్పు తయారుచేసుకొచ్చాను. ఏనుగు గుడ్డు పెడుతుంది అని. నోరు తెరిచే ముందు బోర్డు మీద రోజు రాసుకుందామని సుద్దముక్క తీసి, అందంగా, గుండ్రంగా, "మంగళవారం" అని రాశాను.

తరగతి విరగబడి నవ్వింది. "తప్పు మామ్మా! లే మామ్మా!" అని అందరూ మీదపడ్డారు. గుమ్మంలో నిలబడ్డ హెడ్మాస్టరు గారు కళ్ళు తుడుచుకున్నారు. "ఆహా, రోజుల తప్పే చెప్పావయ్యా! అచ్చం దాలమ్మే!" అని భుజం తట్టారు. సాయంత్రానికి ఊరంతా నా పేరు మోగిపోయింది. పైడి వంశం వాళ్ళట, ఇంటికొచ్చి ఒక బాతు కూడా ఇచ్చారు.

ఏనుగు గుడ్డు నా దగ్గరే ఉండిపోయింది.

ఎందుకంటే, ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు గానీ, ఆ రోజు నిజంగానే మంగళవారం అనుకున్నాను.