ఇందులో మన పుంజు ఏది?

సరిహద్దులో యుద్ధం మొదలైన వారంలో హేమలత గోడ మీద ఒక బొమ్మ వేసింది. అది ఆమెకు పెద్ద తలనొప్పి తెచ్చిపెట్టింది.

హేమలత బెజవాడ ఆటోనగర్‌లో దస్తగిరి మాస్టారి శిష్యురాలు. ఆయన నలభై ఏళ్లుగా లారీల మీద అక్షరాలూ బొమ్మలూ వేస్తున్నాడు. అట్టలో బొమ్మ కోసి, గోడకు ఆనించి, పైన రంగు కొడితే కోసిన మేరకు బొమ్మ పడుతుంది. ఆ స్టెన్సిల్ విద్య ఆయన దగ్గరే నేర్చుకుంది.

ఆమె అలా అట్ట కోసి వేసింది ఒక కోడిపుంజు. నెత్తిన జనరల్ టోపీ, రొమ్ము నిండా పతకాలు, విరుచుకున్న ఛాతీ. యుద్ధమంటే ఉబలాటపడే పెద్దలందర్నీ వెక్కిరించాలని వేసింది.

ఆదివారం పొద్దున వేస్తే, మధ్యాహ్నానికల్లా జనం దాన్ని శత్రుదేశపు జనరల్‌ని చేసేశారు. టైర్ల షాపు వీర్రాజు మేకు కొట్టి మరీ దాని మెడ దగ్గర చెప్పుల దండ వేలాడదీశాడు. కుర్రాళ్లు టపాకాయలు కాల్చారు. దారిన పోయేవాళ్లు కూడా ఆగి హేమలతను మెచ్చుకున్నారు.

ఆమె ఏడుపు మొహంతో మాస్టారి దగ్గరికొచ్చింది.

"యుద్ధం వద్దని నేను వేస్తే, దాని ముందే నిలబడి యుద్ధానికి జై కొడుతున్నారు మాస్టారూ. కింద 'యుద్ధం వద్దు' అని పెద్దక్షరాలు కొడతాను."

"చదువుతారా?"

"చదవకపోతే ఇంకా పెద్దవి కొడతాను."

మాస్టారు నవ్వాడు. "ఆ పుంజు అట్ట ఇలా తే."

"దాంతో బొమ్మ వేసేశాను కదా మాస్టారూ!"

"తే అమ్మాయ్."

ఇద్దరూ గోడ దగ్గరికి వెళ్లారు. వీర్రాజు జనాన్ని పక్కకు జరిపాడు. "రండి రండి మాస్టారూ! మీ శిష్యురాలు వాళ్ల పరువు తీసి గోడకేసింది."

మాస్టారు తలూపాడు. పుంజు ముక్కు నుంచి జానెడు కొలిచాడు. అట్టను తిరగేసి గోడకు ఆనించాడు. నల్లరంగు కొట్టి, అట్ట తీశాడు.

గోడ మీద ఇప్పుడు రెండు పుంజులు. అదే టోపీ, అవే పతకాలు, అదే ఛాతీ. బరిలో దించినట్టు ఎదురెదురుగా నిలబడ్డాయి.

ఇడ్లీబండి సుబ్బాయమ్మ ముందుకొచ్చింది. ఆమె కొడుకు ఆ సరిహద్దులోనే ఉన్నాడు. వారం రోజులుగా ఆమె ఎవరితోనూ సరిగా మాట్లాడటం లేదు. రెండు పుంజుల్నీ మార్చి మార్చి చూసింది.

"ఓరి వీటి దుంప తెగ! ఇవి బరిలో దిగే మొహాలేనా? మసాలా నూరండ్రా, రెండిటినీ ఒకే కుండలో వండేద్దాం!"

ముందు ఒక లారీ డ్రైవరు నవ్వాడు. తర్వాత వీధి వీధంతా నవ్వింది. టపాకాయలు పట్టుకున్న కుర్రాళ్లు కడుపులు పట్టుకున్నారు.

వీర్రాజు ఒక్కడే నవ్వలేదు.

"అది కాదు మాస్టారూ... ఇందులో మనది ఏది?"

మాస్టారు తడి అట్టను అతని చేతిలో పెట్టాడు.

"నా దగ్గరున్నది ఇదొక్కటే నాయనా. నువ్వే చూసి చెప్పు."

వీర్రాజు అట్టను ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. మళ్లీ ఇటు తిప్పాడు. చేతులు రెండూ నల్లబడ్డాయి. వాటిని చూసుకుని అతనూ ఫక్కున నవ్వేశాడు.

హేమలత కిరసనాయిలు గుడ్డ తెచ్చి అతనికిచ్చింది.