పైన ఉండే పేరు

భార్గవ దగ్గర ఒకటే మందు ఉండేది. పెట్టె ఏదైనా, తెగులు ఏదైనా ఆ మందే వేసేవాడు. అది పనిచేసేది కూడా. వచ్చిన చిక్కంతా అక్కడే.

గుంటూరు కొత్తపేటలో దస్తగిరి మాస్టారి కొట్టు ఒకప్పుడు వీడియో గేమ్ పార్లరు. కాలేజీ ఎగ్గొట్టి వచ్చే కుర్రాళ్ళు ఫోన్లలోనే ఆడుకోవడం మొదలుపెట్టాక పార్లరు మూతబడింది. మాస్టారు మాత్రం చేయి ఊరుకోక, ఇళ్ళలో పెట్టుకునే ఆటపెట్టెలూ పాటలపెట్టెలూ చేయసాగారు. పైకి చూస్తే పాతకాలపు చెక్కపెట్టె, రంగు బొత్తాలు, జాయ్‌స్టిక్కు. లోపల చిన్న కంప్యూటరు. అందులో ఎవరో సరదాపరులు కూర్చుని రాసి, ఊరికే పంచిపెట్టిన సాఫ్ట్‌వేరు. ఊరికే వచ్చింది కదా, మొరాయించడంలో మొహమాటం ఉండేది కాదు దానికి.

మొరాయించినప్పుడల్లా మాస్టారు వెళ్ళేవారు. ఆయన వెళ్ళే పద్ధతి ఒకటుంది. చంకలో మడత స్టూలు పెట్టుకుని వెళ్ళి, పెట్టె ముందు వేసుకుని కూర్చునేవారు. ఏం చెడిందని అడిగేవారు కాదు. "ఎవరు ఆడతారు?" అని అడిగేవారు. ఆ మనిషిని పిలిపించి ఒకసారి ఆడమనేవారు. పాటలపెట్టె అయితే ఇష్టమైన పాట పెట్టమనేవారు. చేతులు కట్టుకుని చూసేవారు. స్క్రూడ్రైవరు జేబులోంచి బయటికి రావడం ఆ తరవాతే.

భార్గవకి ఇది చూస్తే ఒళ్ళు మండేది. అతను మాస్టారి దగ్గర చేరి రెండేళ్ళు దాటింది. ఈ సాఫ్ట్‌వేర్ల వాళ్ళ ఇంటర్నెట్ ఫోరమ్‌లో అతనికి మంచి పేరుంది. ఎక్కడెక్కడి వాళ్ళో అడిగే ప్రశ్నలకి టీ తాగుతూ జవాబులు కొడతాడు, వాళ్ళు దణ్ణాలు పెడుతూ బొమ్మలు పంపుతారు. ఆ దణ్ణాలు కాస్త నెత్తికెక్కాయి.

"పెట్టెకి జబ్బు చేస్తే ఆడేవాళ్ళ జాతకం మనకెందుకు మాస్టారూ?" అన్నాడొకసారి.

"చూద్దామని," అన్నారు మాస్టారు.

అంతకుమించి చెప్పే అలవాటు ఆయనకి లేదు.

భార్గవ మందు ఇదీ: ఏ ఆటైనా మొదట్లోనే బిగుసుకుపోయిందంటే, దాని తాలూకు పాత మెమరీ ఫైలు చెడిపోయి ఉంటుంది. దాన్ని తీసి పారేస్తే చాలు. సాఫ్ట్‌వేరు తనంతట తనే కొత్తది పుట్టించుకుంటుంది. ఆట కొన్ననాటిలా నడుస్తుంది. ఫోరమ్‌లో ఈ మాట అతను ఎన్నిసార్లు రాశాడో అతనికే గుర్తులేదు.

పట్టాభిపురం నుంచి వీరరాఘవయ్యగారు ఫోన్ చేసిన రోజు మాస్టారికి జ్వరం. భార్గవ ఒక్కడే వెళ్ళాడు. స్టూలు తీసుకెళ్ళలేదు.

వీరరాఘవయ్యగారు హైస్కూల్లో డ్రాయింగు మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. వరండా పక్క గదిలో పెట్టె ఉంది. ఆన్ చేస్తే విమానాల ఆట బొమ్మ వచ్చి, అక్కడే ఆగిపోతోంది. ఆయన ఏదో చెప్పబోయారు. "మా ఇంట్లో ఆవిడ..." అని మొదలుపెట్టారు.

"మీరు కూర్చోండి సార్, చిటికెలో పని," అన్నాడు భార్గవ.

నిజంగానే చిటికెలో అయిపోయింది. పాత ఫైలు తీసేశాడు. శుభ్రత తనకి ప్రాణం కాబట్టి కంప్యూటరు చెత్తబుట్టలోంచి కూడా తీసేశాడు. పనిలో పనిగా సాఫ్ట్‌వేరు కొత్త వెర్షను ఎక్కించాడు. ఆట గణగణలాడుతూ మొదలైంది. ఆయన ఇచ్చిన మజ్జిగ తాగి, ఫోన్లో ఫోరమ్ చూసుకుంటూ వచ్చేశాడు.

మర్నాడు సాయంత్రం ఆయన దగ్గర్నుంచి ఫోను. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేదని తరవాత చాలాసార్లు అనుకున్నాడు భార్గవ.

"బాబూ, పెట్టె బ్రహ్మాండంగా ఆడుతోంది. ఒక్కటే సందేహం. స్కోర్ల పట్టీలో పైన మా ఆవిడ పేరుండేది. ఇప్పుడు కనబడటం లేదు. సర్దేటప్పుడు పక్కన ఎక్కడైనా పెట్టావా?"

భార్గవ ఫోను చెవికి ఇంకా దగ్గరగా పెట్టుకున్నాడు. ఇల్లు సర్దే మనిషిని కళ్ళజోడు ఎక్కడ పెట్టావని అడిగినట్టు అడుగుతున్నారాయన.

"అమ్మగారు... ఉన్నారా అండీ?"

"లేదు బాబూ. ఏడాదవుతోంది."

"చూసి చెబుతానండీ," అన్నాడు. చూడటానికి ఏమీ లేదని అతనికి అప్పటికే తెలుసు. ఆ ఆటలో గెలిచినవాళ్ళ పేర్లు, మూడేసి అక్షరాలు, ఆ మెమరీ ఫైల్లోనే ఉంటాయి. అది అతను ఫోరమ్‌లో పదిమందికి బోధించిన సంగతే.

అయినా వెళ్ళి చూశాడు. వీరరాఘవయ్యగారు బజారుకి వెళ్ళే వేళ కనుక్కుని మరీ వెళ్ళాడు, ఆ సిగ్గు కూడా ఉంది. పని మనిషి తలుపు తీసింది. పోయిన ఫైళ్ళు వెతికే సాఫ్ట్‌వేర్లు తనకి తెలిసినవన్నీ పెట్టి వెతికాడు. ఏవో ముక్కలు దొరికాయి, ఒక్కటీ చదవడానికి రాలేదు. కొత్త వెర్షను వచ్చి సరిగ్గా ఆ పాత ఫైలు ఉన్న చోటే కూర్చుంది.

ఆ రాత్రి తిండి సయించలేదు. పొద్దున్నే కొట్టుకి వచ్చేసరికి మాత్రం ముఖం కొంచెం తేటపడింది. ఒక ఉపాయం తట్టింది.

మాస్టారు జ్వరం తగ్గి, శాలువా కప్పుకుని కూర్చున్నారు. భార్గవ జరిగిందంతా చెప్పాడు. ఏదీ దాచలేదు. దాచనందుకు తన మీద తనకే కాస్త గౌరవం కలిగింది కూడా.

"భయం లేదు మాస్టారూ. స్కోరు ఫైలు తెరిచి మనమే రాసెయ్యొచ్చు. ఆవిడ రాజ్యలక్ష్మిగారట, పని మనిషి చెప్పింది. ఆర్, ఏ, జే. రెండు నిమిషాల పని. దొరికిందని చెబితే సరిపోతుంది. ఆయనకి తెలియదు."

మాస్టారు మూల ఉన్న పెట్టె వైపు గడ్డం ఎత్తి చూపించారు. అందులోనూ అదే ఆట ఉంది.

"పెట్టు."

భార్గవ కీబోర్డు తగిలించి, ఫైలు తెరిచి, మూడక్షరాలూ రాశాడు. తరవాత స్కోరు రాయాలి. వేళ్ళు ఆగాయి.

"ఎంత వేయమంటారు?"

"నీ ఇష్టం."

పైనుండే పేరు కదా, పెద్దదే ఉండాలనుకున్నాడు. తెరమీద పట్టినన్ని తొమ్మిదులు వేశాడు.

మాస్టారు చూశారు. "ఆయన ఇంక ఈ జన్మలో అందుకోలేడు," అన్నారు.

నిజమే. భార్గవ చెరిపేసి, చిన్నది వేశాడు. ఓ మోస్తరుగా ఆడేవాళ్ళకి వచ్చే స్కోరు.

"రేపే దాటేస్తాడు," అన్నారు మాస్టారు.

భార్గవ మళ్ళీ చెరపబోయాడు.

"దాటేశాక?" అన్నారు మాస్టారు మళ్ళీ.

భార్గవ చేయి కీబోర్డు మీదే ఉండిపోయింది. ఆర్, ఏ, జే అన్న మూడక్షరాల పక్కన ఖాళీ అలాగే ఉంది. కొట్టు బయట ఎవరో లారీ తిప్పుకుంటున్నారు, దాని హారన్ ఎంతకీ ఆగలేదు. అతనికి ఏడుపు వచ్చింది. ఏడవడానికి తనకేం హక్కుందని దిగమింగుకున్నాడు.

మాస్టారు శాలువా మడిచి కుర్చీ మీద వేశారు. మూలనున్న స్టూలు తీసి భార్గవ చేతిలో పెట్టారు.

ఇద్దరూ పట్టాభిపురం వెళ్ళేసరికి పెట్టె మీద దుప్పటి కప్పి ఉంది. భార్గవ దాన్ని చూడగానే అడుగు వేయలేకపోయాడు.

"తీసేశానండీ," అన్నాడు గుమ్మంలోనే. "పక్కన పెట్టలేదు. తుడిచేశాను. మళ్ళీ రాదండీ. నేను అడగలేదు, మీరు చెప్పబోతే వినలేదు."

వీరరాఘవయ్యగారు అతని మొహం వంక కొంతసేపు చూశారు. తిట్టలేదు. "అట్లాగా," అన్నారు. గోడ పట్టుకుని నెమ్మదిగా కుర్చీలో కూర్చున్నారు. "నిన్న నువ్వు వచ్చి వెతికెళ్ళావని పనావిడ చెప్పింది. అప్పుడే అనుకున్నాలే."

 లోపల వంటగది కుళాయి కారుతున్న చప్పుడు వినబడుతోంది.

"స్కోరు ఎంతో గుర్తుంటే..." అన్నాడు భార్గవ, చివరి ఆశతో.

"అంకె ఎప్పుడు చూశాను బాబూ? పేరు చూసేవాణ్ణి. రోజూ సాయంత్రం ఒక ఆట ఆడేవాణ్ణి. నా విమానాలు అయిపోగానే పట్టీ వచ్చేది. పైన ఆమె, కింద వరసగా అన్నీ నేనే. ఇంకా అక్కడే ఉందా లేదా అని చూసుకుని, కట్టేసి, అన్నం తినేవాణ్ణి." ఆయన దుప్పటి వంక చూశారు. "ఇప్పుడు ఎంత చెత్తగా ఆడినా పైవరసలో నా పేరే రాయమంటోంది. అది చూడలేక కప్పేశాను."

మాస్టారు స్టూలు పెట్టె ముందు కాకుండా, కొంచెం పక్కగా వేసుకుని కూర్చున్నారు.

"అమ్మగారు ఎట్లా ఆడేవారండీ?" అని అడిగారు.

వీరరాఘవయ్యగారు తల తిప్పి ఆయన్ని చూశారు. ఆ ప్రశ్న ఏడాదిగా ఎవరూ అడిగినట్టు లేదు.

"మొదట నన్ను తిట్టింది, ముసలితనంలో ఈ పిల్లాటలేమిటని. తరవాత నేను బజారుకి వెళ్ళినప్పుడు ఆడటం మొదలుపెట్టింది. కూర్చునేది కాదు. కొంగు దోపుకుని నిలబడి ఆడేది. కుక్కరు కూత వేస్తే, ఆట మధ్యలో ఉన్నా సరే, జాయ్‌స్టిక్కు వదిలేసి వంటింట్లోకి పోయేది. విమానం ఇక్కడ పేలిపోతున్నా సరే. ఒకరోజు గ్యాసు అయిపోయింది. సిలిండరు వచ్చేదాకా కూత లేదు, కేక లేదు. ఆ రోజు చూడాలి! నేను పక్కన నిలబడి నోరు తెరుచుకుని చూశాను. ఆ స్కోరే అది." ఆయన నవ్వారు.  "ఎడమ మూలకి పోయి కాచుకునేది. ఇట్లా..."

ఇట్లా అని చేత్తో చూపించబోయి, చాలక లేచారు. దుప్పటి తీశారు. పెట్టె వెలిగించారు. నిలబడే ఆడారు, కుర్చీ జరిపేసి. విమానాన్ని ఎడమ మూలకి తీసుకుపోయి కాచుకున్నారు. ఆమె చేతిలో ఉన్నదేదో ఆయన చేతిలో లేదు. వేళ్ళు ఆలస్యంగా పడ్డాయి. ఒకటి పోయింది, ఇంకొకటి పోయింది, చివరిదీ పోయింది.

పట్టీ వచ్చింది. పైవరస ఖాళీగా మెరుస్తూ పేరు రాయమని అడుగుతోంది. పక్కన గడియారం అంకెలు తగ్గుతున్నాయి.

 ఆయన ఆమె పేరు రాసేస్తారనుకున్నాడు భార్గవ. రాసేస్తే బాగుండునని కూడా అనుకున్నాడు, తన బరువు కాస్త దిగుతుందని.

"ఆమె పేరు పెట్టండి సార్," అన్నాడు ఆగలేక.

వీరరాఘవయ్యగారు తల అడ్డంగా ఊపారు.

"ఇంత తక్కువకా? ఆమె పెట్టనిచ్చేది కాదు."

"నా పేరూ పెట్టను," అన్నారాయనే. గడియారం అయిపోయింది. పట్టీ చెరిగిపోయి, ఆటలోని విమానాలు తమంతట తాము ఎగరడం మొదలుపెట్టాయి.

"మరి ఎంత వస్తే పెడతారండీ?"

"ఏమో బాబూ. వస్తే తెలుస్తుంది." ఆయన చేతులు పంచెకి తుడుచుకుని మళ్ళీ బొత్తాం నొక్కారు. "ఉండు, ఇంకోసారి."

బొత్తాం మీద ఆ వేళ్ళు మళ్ళీ ఆలస్యంగానే పడటం భార్గవకి కనబడుతోంది. ఆ స్కోరు రాదని, పైవరస అలాగే ఉండిపోతుందని అతనికి తెలిసిపోయింది. సాయం చేయడానికి చేతనైన పని ఒక్కటీ తోచలేదు. మాస్టారి వైపు చూశాడు.

మాస్టారు లేచి చెప్పులేసుకుంటున్నారు. భార్గవ స్టూలు మడవబోయాడు.

"ఉండనీ," అన్నారు మాస్టారు, మెట్లు దిగుతూ.

భార్గవ స్టూలు మీద కూర్చున్నాడు. జేబులో ఫోను రెండుసార్లు మోగింది, తీయలేదు. వీరరాఘవయ్యగారి విమానం ఎడమ మూలకి పోయి పేలిపోయింది. పట్టీ వచ్చింది. గడియారం తగ్గుతుంటే ఆయన జాయ్‌స్టిక్కు ముట్టుకోలేదు, భార్గవ చేతులు కట్టుకుని చూస్తూ ఉండిపోయాడు.