గాలికి నడుం వంగిన రోజు

ఒకప్పుడు గాలి తిన్నగా మాత్రమే పోయేది. వంగడం దానికి రాదు. పక్కకు తిరగడం, పైకి ఎగరడం అసలే రాదు. పెరటి గోడకున్న దొడ్డి తలుపులోంచి వచ్చిందంటే ఇల్లు దాటి వీధి తలుపులోంచి పోవాల్సిందే.

అది మాఘ బహుళ తదియ, గురువారం. బారెడు పొద్దెక్కింది. మంగతాయారమ్మకు మనవరాలు పుట్టి ఆ వేళకు పదకొండో రోజు. పురిటి స్నానం చేయించాలి. మొన్నటి వానకు కట్టెలన్నీ నానిపోయాయి. పెరట్లో బాదంచెట్టు నిన్నా ఇవాళా రాల్చిన ఎర్రటి ఆకులే ఇక గతి.

ఆవిడ నడుం వంచి ఊడ్చి, ఆకులన్నీ కుప్ప చేసింది. అంతలో గాలి రివ్వున వచ్చింది. కుప్ప కాస్తా పెరడంతా పరుచుకుంది.

"కాస్త చూసి నడువు నాయనా" అంది మెల్లగానే. మళ్ళీ ఊడ్చింది. గాలి మళ్ళీ వచ్చింది.

మూడోసారి ఊడ్చాక పొయ్యి అంటుకుంది. కాగులో నీళ్ళు గోరువెచ్చనయ్యాయో లేదో, గాలి దూసుకొచ్చి మంట ఆర్పేసింది. మిగిలిన ఆకుల్నీ చెదరగొట్టింది.

లోపల పసిపిల్ల గుక్కపట్టింది. "అమ్మా, నీళ్ళు కాగాయా? దీని కాళ్ళు చల్లబడిపోతున్నాయే!" అని కూతురు ఆండాళు కేకేసింది.

"నేను రాల్చింది నీ పొయ్యి కోసం తల్లీ, వీడి ఆటలకు కాదు" అని గొణిగింది బాదంచెట్టు.

గాలి నవ్వింది. "నా దారిన నేను పోతున్నా. ఏరుకోవడం నీ పని. మళ్ళీ ఊడ్చుకో!"

ఎవరినీ పల్లెత్తు మాట అనని మంగతాయారమ్మకు ఒళ్ళు మండిపోయింది. వీధి తలుపు గడియ పెట్టింది. ఒక్క పరుగున వచ్చి దొడ్డి తలుపూ వేసేసింది. పైకి ఎగరడం రాని గాలి పెరటి గోడల మధ్యే చిక్కింది.

"ఓరి పొగరుబోతా! పదకొండు రోజుల బిడ్డ వణుకుతుంటే నీకు నీ దారే ముఖ్యమా? రంగనాథస్వామి మీద ఆన! చెదరగొట్టిన ప్రతి ఆకూ నువ్వే ఏరాలి. అందాకా ఈ గడప దాటలేవు!"

గాలి ఈ గోడకు కొట్టుకుంది. ఆ గోడకు కొట్టుకుంది. "తలుపు తియ్యమ్మా, నాకు ఊడ్వడం రాదు!"

"నాకు మాత్రం పుట్టగానే వచ్చిందా? వంచు నడుం!"

ఆవిడ లోపలికి పోయి, మనవరాలిని కొంగులో చుట్టి గుండెకు హత్తుకుని కూచుంది. గాలి ఏడుపు వినబడుతున్నా అటు తిరిగి చూడలేదు.

చేసేది లేక గాలి మొదటిసారి వంగింది. వంగేసరికి తిన్నగా పోలేక గుండ్రంగా తిరిగింది. ఒక ఆకు అందింది. ఇంకో చుట్టు తిరిగింది. ఇంకో ఆకు. పొద్దు గుంకినా తిరుగుతూనే ఉంది.

మర్నాడు తెల్లవారేసరికి ఆకులన్నీ గోడ మూలకు చేరి ఉన్నాయి. ఇంటిల్లిపాదీ లేచి పొయ్యి రాజేశారు. కాగు నిండా నీళ్ళు కాచారు. ఆండాళు నీళ్ళు పోస్తుంటే, మంగతాయారమ్మ పసిదాన్ని కాళ్ళమీద పడుకోబెట్టుకుని స్నానం చేయించింది. పిల్ల ఒళ్ళు వెచ్చబడ్డాకే లేచి వెళ్ళి తలుపు తీసింది.

గాలి బయటపడింది గానీ, ఆ వంగిన నడుం మళ్ళీ పూర్తిగా నిటారు కాలేదు. అప్పటినుంచే రాలిన ఆకులు కంటబడితే చాలు, గాలి సుడులు తిరుగుతూ ఒక్కొక్కటే ఏరి, ఏదో ఒక గోడ మూలకు చేర్చి మరీ పోతుంది.