తెల్లటి ఊరిలో నల్ల పెరడు

కొండ కొమ్మున ఒక ఊరుంది. అక్కడ ఏడాదిలో ఎక్కువ భాగం మంచే. వసంతం మాత్రం చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే పలకరించి పోయే చుట్టంలా వచ్చి వెళ్ళిపోయేది.

ఆ ఊరివాళ్ళకు తమ మంచు తెలుపంటే మహా గర్వం. ఎవరి పెరట్లో మంచును వాళ్ళు మరక పడకుండా కాపాడుకునేవారు. పొయ్యిలో బూడిదను సైతం గంపలకెత్తి, ఊరవతల లోయలో పారబోసి వచ్చేవారు. మంచు తనంతట తాను కరిగేదాకా పెరట్లో అడుగు పెట్టడం అపచారం. కరిగాక గింజ వేస్తే, పూత మీద ఉండగానే మళ్ళీ మంచు పడేది. మనకు పూలు చాలు, కాయలెందుకని వాళ్ళలో వాళ్ళే సర్దిచెప్పుకునేవారు. అలవాటు పడితే మనిషి దేనికైనా సర్దుకుంటాడు, ఏం చేస్తాం.

ఆ ఊరికి కోడలై వచ్చిన మనిషి ఒకతె ఉంది. పుట్టిల్లు కింద మైదానంలో. వచ్చేటప్పుడు వాళ్ళమ్మ కొంగున కట్టిచ్చిన చిక్కుడు గింజలు తెచ్చుకుంది. ఏటా కొన్ని నాటేది, ఏటా అవి పూతలోనే పోయేవి. ఇప్పుడా తల్లీ లేదు. గింజలు పిడికెడు మిగిలాయి. నాటకుండా దాస్తే పుచ్చిపోతాయి. ఈసారి కూడా కాయ ముదరకపోతే అమ్మ విత్తనం ఇక ఎక్కడా ఉండదని తలుచుకుంటే ఆమెకు అన్నం సయించేది కాదు.

ఒక ఉదయం బూడిద గంపతో పెరటి గట్టున నడుస్తూ కాలు జారింది. గంప మంచు మీద బోర్లా పడింది. ఎవరైనా చూశారేమోనని బెదిరిపోయి గబగబా లోపలికి వెళ్ళిపోయింది. మర్నాడు చూస్తే పెరడంతా మంచు అలాగే ఉంది. బూడిద పడ్డ చోట మాత్రం గుంట పడి, అందులో సూర్యుడు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"రోజూ వచ్చేవాడివేగా. ఒక్కనాడూ కూర్చోలేదేం?" అని అడిగింది.

"తెలుపు మీద నా కాలు నిలవదమ్మా. జారిపోతాను," అన్నాడు సూర్యుడు.

ఆమె లోపలికి పరుగెత్తింది. ఇంట్లో ఉన్న బూడిదంతా ఎత్తుకొచ్చి పెరడు నిండా చల్లేసింది.

ఊరు గగ్గోలెత్తింది. ఊరికి పెద్దయిన ముసలాయన కర్ర తాటించుకుంటూ వచ్చాడు. అందరి పెరళ్ళకన్నా ఆయన పెరడే తెల్లన.

"మచ్చ లేని ఊరమ్మా ఇది. మసి చేశావు."

"మచ్చ లేని ఊళ్ళో ఒక్క చిక్కుడు కాయ ముదిరిందా, పెద్దయ్యా?"

ఆయనకు కోపం వచ్చింది. ఇకపై ఆమెకు ఎవరూ నిప్పు ఇవ్వకూడదని కట్టడి చేశాడు. ఆ చలిలో పొయ్యి ఆరిందంటే ప్రాణం మీదికి వచ్చినట్టే. కాబట్టి ఆమె దాన్ని ఆరనివ్వలేదు. పొయ్యి రాత్రింబవళ్ళు మండింది, బూడిద గంపలకొద్దీ పోగుపడింది. పాపం, శిక్ష వేసినవాళ్ళే ఆమె పెరటికి ఎరువు తోలినట్టయింది.

చుట్టూ తెల్లగా ఉండగానే ఆమె పెరట్లో మట్టి బయటపడింది. పిడికెడు గింజలూ నాటేసింది, ఒక్కటీ దాచుకోలేదు. మిగతా పెరళ్ళు కరిగేసరికి ఆమె పాదులు పందిరెక్కాయి. అక్కడ పూత వచ్చేసరికి ఇక్కడ కాయలు ముదిరి ఎండుతున్నాయి. అంతలో ఒక సాయంత్రం గాలి తిరిగింది. తెల్లారేసరికి మంచు పడి ఊళ్ళో పూతంతా నల్లబడి వేలాడింది. ఆమె గుండె చిక్కబట్టుకుని పందిరి కిందికి వెళ్ళి ఒక తీగను కదిపింది. ఎండిన కాయలు గలగలమన్నాయి.

ఆమె ఏడ్చింది, నవ్వింది, మళ్ళీ కదిపింది. అలాంటి చప్పుడు ఆ ఊరు ఎన్నడూ విని ఎరగదు. ఒక్కొక్కరే వచ్చి కంచె దగ్గర తలలు వంచుకుని నిలబడ్డారు. ఆమె ఎవరినీ ఎత్తిపొడవలేదు. సంతోషం అంత నిండుగా ఉన్నప్పుడు పాత మాటలు గుర్తుకు రావు. అందరికీ గింజలు పంచింది. అందరికన్నా చివర వచ్చిన పెద్దాయనకు, ఆయన పెరడు పెద్దది కదా అని, ఇంకో దోసెడు ఎక్కువే పోసింది.

మరుసటి ఏడు చలికాలం చివర్లో ఒక బాటసారి కనుమ దాటి దిగాడు. ఇంటింటి పెరడూ నల్లగా కనిపించేసరికి ఊరు తగలబడిపోయిందనుకుని పరుగున వచ్చాడు. మొదట ఎదురైన ముసలాయన ముఖమంతా మసే. బాటసారి అయ్యో అంటూ దగ్గరికి వచ్చాడు. భుజం మీది తువ్వాలు తీసి ఆ ముఖం తుడవబోయాడు.

పక్క పెరట్లోంచి ఆమె చూస్తూనే ఉంది. పెద్దాయన బాటసారి చేతిని మెల్లగా పక్కకు నెట్టాడు.

"ఉండనీ నాయనా. ఇంకా సగం పెరడుంది."