ఉత్తరపు గోడ జాడీలు

భూకంపాల ఆచార్యుడికి ఆదిశేషయ్య అని పేరుండటం మా విశ్వవిద్యాలయంలో పాత హాస్యమే. ఆయన తల ఆడించినప్పుడల్లా టీ గ్లాసులు పట్టుకోండర్రా అనుకునేవాళ్ళం. ఆయనకొక అలవాటుంది. శిష్యుడు వాదానికి దిగితే తాను దిగరు, ఏదో ఒక పని చెప్పి పంపిస్తారు. ఆ పనే జవాబని తర్వాత తెలిసేది. కొందరికి అదీ తెలిసేది కాదు.

చెన్నకేశవ ఆయన దగ్గర మూడేళ్ళుగా పరిశోధన చేస్తున్నాడు. చురుకైనవాడు, నోరు అంతకన్నా చురుకు. మనల్ని మోస్తున్న భూఫలకం గోళ్ళు పెరిగినంత మెల్లగా ఉత్తరానికి జరుగుతూ ఉంటుందనీ, ఆ ఒత్తిడికి లోపలి పాత పగుళ్ళు ఎప్పుడో ఒకప్పుడు కదులుతాయనీ కనబడ్డవాళ్ళకల్లా బొమ్మ గీసి చెప్పేవాడు. గొట్లపాలెం అనే ఊరి దగ్గర అలాంటి పగుళ్ళు రెండున్నాయి, తూర్పున ఒకటి, ఉత్తరాన ఒకటి. యాభై ఏళ్ళ కిందట ఊరిని అదరగొట్టింది వాటిలో ఏదో తేల్చడమే అతని పరిశోధన. ఆ రోజుల్లో చుట్టుపక్కల యంత్రాలు లేవు కాబట్టి కందకం తవ్వి మట్టి పొరలు చూడటం తప్ప దారి లేదు. రెండు చోట్లా పొలం వీరాంజనేయులు అనే రైతుదే. నాట్లు దగ్గరపడుతున్నాయనీ, ఒక్కచోటే తవ్వుకుని పది రోజుల్లో పూడ్చెయ్యాలనీ ఆయన ఖరాఖండిగా చెప్పేశాడు. తప్పు చోట తవ్వితే మూడేళ్ళ శ్రమ బూడిదలో పోసిన పన్నీరే. పటంలో ఉత్తరపు పగులు పొడుగ్గా కనబడుతోందని చెన్నకేశవ అక్కడే సున్నంతో గీత గీసి ఉంచాడు.

మా బృందంలో అయిదు శాఖల వాళ్ళం ఉన్నాం. గోడల బీటలు చూడటానికి సివిల్ ఇంజనీరింగ్ నుంచి నేను వెళ్ళాను. భూమి అదిరితే వంటింట్లో ఏమేం ప్రమాదాలుంటాయో చూడటానికి గృహవిజ్ఞాన శాఖ నుంచి మాణిక్యాంబగారు వచ్చారు. ఆవిడ రావడం చెన్నకేశవకు మింగుడు పడలేదు. ఊరు చేరిన సాయంత్రమే అడిగేశాడు.

"మాస్టారూ, భూకంపాన్ని చదవడానికి వంటల శాఖ దేనికండీ?"

నిజం చెప్పొద్దూ, నాకూ అదే సందేహం. అడిగే ధైర్యం లేక ఊరుకున్నాను. ఆదిశేషయ్యగారు కళ్ళజోడు తుడుచుకుని, మర్నాడు మాణిక్యాంబగారి సంచీ అతన్ని మొయ్యమన్నారు.

చెన్నకేశవ ముఖం మాడ్చుకుని వెళ్ళాడు. ఆవిడ ఇంటింటికీ వెళ్ళి పొయ్యి ఎక్కడ, గ్యాసుబండ ఎక్కడ, బరువైన సామాను ఎక్కడ అని అడగడం, ఇతను రాసుకోవడం. మూడిళ్ళు చూశాక ఆవిడకు అనుమానం వచ్చింది. అన్ని ఇళ్ళలోనూ ఊరగాయ జాడీలు ఉత్తరపు గోడ బల్ల మీదే ఉన్నాయి. పొయ్యేమో ఆ చివర. ముద్దకు ముద్దకూ వంటిల్లంతా నడవాలి. పోయినేడు కట్టిన స్లాబు ఇంట్లోనూ అదే వరస. ఎందుకని అడిగితే కోడళ్ళకు తెలియదు, అత్తగారు అక్కడే పెట్టమన్నారంటారు. ఏడో ఇంటికి వచ్చేసరికి చెన్నకేశవ రాయడం మానేసి ప్రశ్న తనే అడిగాడు. ఆ ఇంటి పెద్దావిడ కోటమ్మ చాటలో బియ్యం చెరుగుతూ చెప్పింది.

"ఆ యేడు భూమి అదిరినప్పుడు తూరుపు గోడ జాడీలూ పడమటి గోడయ్యీ ముందుకొచ్చి దబ్బున పడ్డయ్యి నాయనా. ఈ గోడయ్యి మటుకు ఒకదాన్నొకటి రాసుకుని అట్టాగే నిలబడ్డయ్యి. ఏడాది ఆవకాయ నేలపాలయినాక ఇంకా ఆడెవరు పెడతారు?"

చెన్నకేశవ చేతిలో సంచీతోనే పొలానికి పరుగెత్తాడు. ఊపు తూర్పు పడమరలుగా వచ్చిందన్నమాట. అంటే ఉత్తరపు పగులు కన్నా తూర్పు పగులు మీదే ఎక్కువ అనుమానపడాలి. జాడీలు రుజువు కావనీ, ఎక్కడ తవ్వాలో మాత్రమే చెబుతాయనీ ఆదిశేషయ్యగారు హెచ్చరించారు. గీత చెరపమనీ అనలేదు, వద్దనీ అనలేదు. చెన్నకేశవ ఒక పూటంతా రెండు పొలాల మధ్యా తిరిగాడు, అన్నం కూడా తినలేదు. చివరికి సున్నం డబ్బా పట్టుకుని తూర్పు పొలంలోకి నడిచాడు.

ఆరో రోజున కందకంలో నల్లమట్టి పొర ఒకచోట తెగి, జానెడు కిందికి జారి కనిపించింది. తెగిన చీలికలోంచి ఇసుక పైదాకా ఎగదన్ని ఉంది, ఊరిని అదరగొట్టింది ఈ పగులేనన్నమాట. వీరాంజనేయులు కూడా లోపలికి దిగి చూసి, నా పొలంలో ఇంత కథ ఉందా అని మీసం దువ్వుకున్నాడు. మాణిక్యాంబగారు అందరికీ పులిహోర పంచారు. నేను రెండుసార్లు పెట్టించుకున్నాను, సంతోషానికి ఆకలెక్కువ.

చెన్నకేశవ మాత్రం తినకుండా ఆకు పట్టుకుని గురువుగారి పక్కన కూర్చున్నాడు. పరిశోధన పత్రంలో పొరలు, కొలతలు, పటాలు అన్నీ ధైర్యంగా రాయగలనన్నాడు. అక్కడే ఎందుకు తవ్వారని అడిగితే ఏం రాయాలో తోచడం లేదన్నాడు.

"ఆవకాయ జాడీలని రాస్తే పెద్దవాళ్ళంతా నవ్వుతారేమో మాస్టారూ."

ఆదిశేషయ్యగారు చెయ్యి కడుక్కుంటూ అన్నారు.

"నవ్వనీ. నవ్వినవాళ్ళను, వాళ్ళింట్లో జాడీలు ఏ గోడకున్నాయో అడుగు."