పొయ్యి వెనక డబ్బా

ఒక ఇంట్లో పొయ్యి వెనక ఒక డబ్బా ఉండేది. ఒకప్పటి పాలపిండి డబ్బా. రంగు వెలిసిపోయింది. మూతి మాత్రం ఆ ఇంటి తల్లి పిడికిలి సరిగ్గా పట్టేంత.

ఈస్టర్‌కి ముందు నలభై శ్రమదినాల్లో తల్లి రోజూ ఎసట్లో పోయబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి ఆ డబ్బాలో వేసేది. ఈస్టర్ నాడు డబ్బా చర్చికి వెళ్లేది. ఇంటింటి పిడికెళ్లూ ఒకే గంపలో కలిసి, ఊరందరికీ పెట్టే ప్రేమవిందు గుండిగలో పడేవి. ఆ పూట ఊళ్లో ఆకలన్న మాట ఉండేది కాదు.

ఈస్టరొస్తే చాలు, డబ్బాకి కాలు నిలిచేది కాదు. కాళ్లు లేవనుకోండి, అది వేరే సంగతి.

రోజులు మారాయి. కొడుక్కి ఉద్యోగం, కోడలికి ఉద్యోగం. ఫోన్ నొక్కితే బిర్యానీ గుమ్మంలోకొస్తోంది. తల్లికి ఆ మసాలాలు పడక, తనొక్కదానికే గ్లాసుడు బియ్యం వండుకునేది.

ఆ ఏడు కొడుకు హుషారుగా వచ్చాడు. "పిడికెడేంటమ్మా, నామోషీ! మనం బస్తా ఇద్దాం. మన పేరు స్టిక్కరేసి స్టేజీ మీద పెడతారు. లైవ్‌లో లోకమంతా చూస్తుంది!"

"నీ ఇష్టం నాయనా," అంది తల్లి.

ఈస్టర్ పొద్దున బస్తా కారెక్కింది. డబ్బా పొయ్యి వెనకే ఉండిపోయింది. "అయ్యో! నన్నొదిలేసి పోతారేంటర్రా? ఒక్కసారి మూత తీసి చూడండర్రా!" అని గోలపెట్టింది. వినేదెవరు?

చర్చిలో చూస్తే ఏముంది! అందరికీ అదే బుద్ధి పుట్టింది. స్టేజీ నిండా బస్తాలు, బస్తా బస్తాకీ ఒక పేరు. బయట ఇటుకబట్టీ కూలీలు, వాళ్ల పిల్లలు బంతిలో కూర్చున్నారు. గుండిగలో ఎసరు తెర్లుతోంది. పక్కన గంప ఖాళీగా ఉంది. వంటామె గరిటె పట్టుకుని కదలకుండా నిలబడింది.

"అన్ని బస్తాలుంటే ఇంకా చూస్తావేంటమ్మా, విప్పు!" అన్నాడు కొడుకు.

"విప్పుతాను బాబూ. ముందు పిడికెడు పడాలి. మా అత్త కాలంనుంచీ ఈ గుండిగ మొదలయ్యేది దాంతోనే. ఈ బస్తా ఎవరి కంచంలోంచి తీసింది?"

"షాపులోంచి తెచ్చాను."

"షాపుకేం తెలుసు ఆకలి?" అంది వంటామె.

పిల్లలు కంచాలు మోగించడం మొదలుపెట్టారు. కొడుక్కి తల కొట్టేసినట్టయింది. అప్పుడు వెంట వచ్చిన తల్లి అతని చెవిలో మెల్లిగా చెప్పింది. "పొయ్యి వెనక చూడు నాయనా."

అతను ఇంటికి పరుగెత్తాడు. అడుగుల చప్పుడు విని డబ్బా ఉక్కిరిబిక్కిరైపోయింది. వస్తున్నాడు, వస్తున్నాడు, నాకోసమే!

ఎత్తబోతే చెయ్యి కిందికి లాగేసింది. అంత బరువు! మూత తీశాడు. అంచుదాకా బియ్యం. ఒక్క మనిషి, గ్లాసుడు బియ్యం, అందులోంచి రోజూ పిడికెడు. కొడుక్కి కళ్లనిండా నీళ్లొచ్చాయి. డబ్బాని గుండెకు హత్తుకుని ఒకటే పరుగు.

బియ్యం జలజలా గంపలో పడింది. "ఇప్పుడు విప్పండర్రా బస్తాలు!" అని కేకేసింది వంటామె. ఎవరి స్టిక్కరు ఎక్కడ చిరిగిందో ఎవరూ చూసుకోలేదు. ఆ మధ్యాహ్నం బంతి మీద బంతి లేచింది. ఖాళీ డబ్బా, రాజుగారిలా, వంటామె పక్కనే కూర్చుని అంతా చూసింది.

మర్నాడు పొద్దున్న. శ్రమదినాలు అయిపోయాయి, నిన్నటితో ఈస్టరూ అయిపోయింది. అయినా వంటింట్లో ఎవరో బియ్యం కొలుస్తున్నారు. ఒక పెద్ద పిడికిలి డబ్బా మూతిలోకి బలవంతంగా దూరి, అక్కడే ఇరుక్కుపోయింది.

"అమ్మా! చెయ్యి రావట్లేదే!"

"పిడికిలి విప్పు నాయనా," అంది తల్లి పక్కగదిలోంచి.

విప్పాడు. గింజలు గలగలా రాలాయి. చెయ్యి హాయిగా బయటికొచ్చేసింది.